దర్వాజకు తగ్గ ఇల్లు

మొన్న ఆదివారం మా ఎదుటి ఫ్లాట్‌లోకి కొత్తగా దిగినవాళ్ల సోఫా గుమ్మంలో ఇరుక్కుపోయింది. వాళ్లది గోదావరి జిల్లా. భార్యాభర్తలిద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలు. ఆ అమ్మాయి తల్లి సాయానికి వచ్చింది. కూలీలు సోఫాను నిలువుగా, అడ్డంగా, తలకిందులుగా తిప్పి చూశారు. అది సగం లోపల, సగం బయట ఉండి, ఎటూ రానని మొండికేసింది. లిఫ్టు దగ్గర నుంచి మా తలుపు దాకా వరండా అంతా దాని సామ్రాజ్యమే. పాలబ్బాయి దాని మీదుగా చెయ్యి చాచి నాకు ప్యాకెట్ అందించాల్సి వచ్చింది. ఆ తల్లి నన్ను చూసి నొచ్చుకుంటూ, "ఏమనుకోకండి పెద్దమ్మగారూ, గుమ్మం కొలుచుకుని కొనమని చిలక్కి చెప్పినట్టు చెప్పానండి. షోరూంలో బాగానే పట్టిందంటారు" అంది. లోపల ఇరుక్కుపోయిన అల్లుడి గొంతు సోఫా కింద నుంచి వినిపించింది: "షోరూంకి గుమ్మం లేదండి అత్తయ్యగారూ!"

మా ఇంట్లో ఆడపిల్లలు గుమ్మం బయట నవ్వకూడదని పెంచారు. ఎనభైకి దగ్గరపడుతున్నా నాకు ఆ అలవాటు పోలేదు. అందుకని "ఫరవాలేదమ్మా" అని గంభీరంగా చెప్పి, లోపలికి వచ్చి, తలుపు వేసుకుని, కుర్చీలో కూర్చుని తృప్తిగా నవ్వాను. వాళ్లు ఇల్లు కొన్నారు, సోఫా కొన్నారు, మధ్యలో గుమ్మాన్ని మరిచిపోయారు. మేము అంతకంటే ఘనులం. ముందు గుమ్మం పెట్టుకుని, దానికి సరిపోయే ఇంటి కోసం హైదరాబాదు అంతా తిరిగాం. ఆ తిరుగుడు చివరికి మమ్మల్ని తెచ్చి ఈ కొత్తగూడలోనే పడేసింది. ఇప్పుడు ఫ్లైఓవరు దిగే చోటికి ఒక కేక దూరంలో ఉండేది ఆ ఇల్లు. డెబ్బైల మొదట్లో మాట ఇది.

మా వంశం గురించి నేను ఎక్కువ రాయను; తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు, తెలియనివాళ్లకు చెప్పి ప్రయోజనం లేదు. మెదక్ వైపు ఒక ఊళ్లో మాకు గడి ఉండేది. గడి అంటే కోట కాదు, ఇల్లూ కాదు. రెంటికీ మధ్య ఏదో. భూములు పోయాయి, కచేరీ పోయింది, గుర్రాలు నేను పుట్టకముందే పోయాయి. ఊళ్లోవాళ్లు "దొరలు పడిపోయిండ్రు" అనుకునేవారు. మా బాపు ఆ మాట ఒప్పుకునేవారు కాదు. పడిపోవడం వేరు, దిగడం వేరు అనేవారు. నిజమే. మేము ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ, కండువా సర్దుకుంటూ దిగాం. అరవైల చివర్లో అన్నదమ్ములు గడిని కూడా పంచుకోవలసి వచ్చింది. మా ఇంటి ఆచారం ప్రకారం వాటాలు పడ్డప్పుడు పెద్ద దర్వాజ పెద్దకొడుకుది. మిగిలినదంతా చిట్టీలు వేసి తీసుకోవచ్చు గాని, దర్వాజ మీద చిట్టీ ఉండదు. చిన్నాయనలు రాయి, కర్ర, పెంకు అమ్ముకున్నారు. మా బాపు తన వాటా దర్వాజను ఊడదీయించి, పట్నంలో మేము కిరాయికుంటున్న ఇంటికి తెచ్చుకున్నారు.

దర్వాజ అంటే మీరు మామూలు తలుపు అనుకోకండి. టేకు. ద్వారబంధం మీద గజలక్ష్మి; ఏనుగుల తొండాలు పిల్లలు పట్టుకుని పట్టుకుని నున్నబడ్డాయి. రెండు రెక్కలు, రెక్కల నిండా పిడికిలంత ఇత్తడి బొడిపెలు. ఒక రెక్కను పూర్తిగా తెరవడానికి ఇద్దరు మనుషులు కావాలి. అందుకని కుడి రెక్కలోనే మనిషి వంగి పట్టేంత చిన్న తలుపు ఒకటి కోసి ఉండేది. దాన్ని దిడ్డి అనేవాళ్లం. పనివాళ్లూ, పాలేర్లూ, అర్జీలు పట్టుకొచ్చినవాళ్లూ దిడ్డిలోంచి తల వంచి వచ్చేవారు. దొరలు గాని, దొరల చుట్టాలు గాని వస్తే పెద్ద రెక్క కిర్రుమంటూ తెరుచుకునేది. ఆ కిర్రుమనే చప్పుడుకి ఊరంతా లేచి నిలబడేదని మా బాపు చెప్పేవారు. నా చిన్నతనం నాటికి ఊరంతా కాదుగాని, అరుగు మీది కుక్క మాత్రం లేచి నిలబడేది.

సుల్తాన్‌బజారు వెనక సందులో మేమున్న కిరాయి ఇంట్లో ఈ దర్వాజ వాకిట్లో తాటిపత్రి గుడ్డ కప్పుకుని పడుకుని ఉండేది. అది పడుకుంటే ఇంక వాకిట్లో ఎవరికీ నిలబడే చోటు ఉండేది కాదు. ఇంటి యజమాని మర్యాదస్తుడైన పెద్ద సాయెబుగారు. పండగకు సేమ్యా పంపేవాడు. ఆయన కూడా చివరికి ఒకరోజు గొంతు సవరించుకున్నాడు. "దొరసాబ్, మీ దర్వాజ మా ఆంగన్‌ల మంచిగ పండుకున్నది. పోరగాళ్లకు ఆడుకునేతందుకు జాగా లేదు. జర సోంచాయించుండ్రి." మా బాపు సోంచాయించారు. కాని ఆయన ఆలోచన అంతకుముందే వేరే దారిన సాగుతోంది. ఆ ఆలోచన పేరు మా నాయనమ్మ.

గడి పోయాక నాయనమ్మ మాతో రాలేదు. "కిరాయి ఇంట్ల నేను దీపం పెట్ట. సొంతది కొన్ననాడు పిలువు, గుడిసైనా వస్త" అని చెప్పి, పట్నంలోనే ఉన్న కూతురి ఇంటికి వెళ్లింది. మా మేనత్త భర్త బంగారం లాంటి మనిషి. అత్తగారిని కళ్లకద్దుకుని చూసుకునేవాడు. అయినా కొడుకు ఉండగా తల్లి అల్లుడి ఇంట్లో అన్నం తినడం మా బాపుకు గొంతులో ముల్లు. ప్రతి శుక్రవారం చూడటానికి వెళ్లేవారు. అక్కడ మంచినీళ్లు కూడా ముట్టకుండా, వీపు కుర్చీకి ఆనించకుండా కూర్చుని వచ్చేవారు. నాయనమ్మ తన పెట్టెను అక్కడ ఎన్నడూ పూర్తిగా విప్పలేదని అత్త చెప్పేది. చీర తీయడం, కట్టుకోవడం, ఉతికి మళ్లీ పెట్టెలో పెట్టడం. ప్రయాణంలో ఉన్న మనిషిలా ఆమె ఆ ఇంట్లో కాలం గడిపింది.

నాయనమ్మ గుడిసైనా వస్తానంది. ఆమె కొడుకు మాత్రం ఆమెను దర్వాజలోంచి తప్ప లోపలికి తీసుకుపోకూడదని తనంతట తాను నిశ్చయించుకున్నారు. అది కూడా పెద్ద రెక్క తెరిచి. తాతగారి ముందు ఏ దర్వాజ తెరుచుకుందో, అదే తన తల్లికి తన సొంత ఇంటి ముందు తెరుచుకోవాలి. అది నిలబెట్టడానికి తగ్గ ఇల్లు కొనాలి. డబ్బు సంగతి ఇక్కడ రాయను. లెక్కలు పైకి చెప్పుకోవడం మా ఇంట్లో మర్యాద కాదు. నేను అప్పటికి ఆడపిల్లల బడిలో టీచరును. నెల మొదట్లో నా జీతం దేవుడి అరలో పెట్టేదాన్ని. అది అక్కడి నుంచి దానంతటదే ఇల్లు నడిపేది. ఎవరూ దాని గురించి మాట్లాడేవారు కాదు.

బాపు ఒక పగ్గం తీసుకుని దర్వాజ ఎత్తుకు ఒక ముడి, వెడల్పుకు ఒక ముడి వేసుకున్నారు. సెలవు రోజుల్లో ఆ పగ్గం భుజాన వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, ఒక దలాలుతో ఇళ్లు చూడటానికి బయలుదేరేవారు. ఆయన ఇల్లు చూసే పద్ధతి అందరిలా ఉండేది కాదు. వీధిలోనే నిలబడి పగ్గం పట్టి గుమ్మం కొలిచేవారు. సరిపోకపోతే వెనక్కి తిరిగేవారు. "లోపలికి వచ్చి చూడరా దొరా? బాయి ఉన్నది, తీయని నీళ్లు" అని దలాలు బతిమాలేవాడు. "నీళ్ల సంగతి తర్వాత" అనేవారు బాపు. నల్లకుంటలో ఒక ఇల్లు మా అమ్మకు ఎంత నచ్చిందంటే, వంటింట్లో ఏ గూట్లో ఏ డబ్బా పెట్టాలో అప్పుడే అనుకుంది. పగ్గం రెండు జానలు మిగిలింది. ఆ ఇల్లు వద్దు. ఆ రాత్రి అమ్మ కూర తరుగుతూ, బాపు వినేటట్టు నాతో అంది: "ఇగ దర్వాజల కూసోని వండుకుందం బిడ్డా. కడమ ఇల్లు ఎందుకు?" బాపు వినలేదు. లేదా విననట్టు ఉండటంలో ఆయనకు చాలా అభ్యాసం ఉంది.

ఏడాది గడిచాక దలాలు ఓపిక చచ్చి, "దొరా, మీ దర్వాజకు సరిపోయే ఇల్లు పట్నంల లేదు. గా కొత్తగూడ దిక్కు రాళ్లల్లకు పోయి చూసుకోండ్రి. ఆడ మీకు ఎవ్వలు అడ్డం రారు" అన్నాడు. వాడు వెటకారానికే అన్నాడు. బాపు దాన్ని సలహాగా స్వీకరించి, మరుసటి ఆదివారమే నన్ను బస్సెక్కించారు.

బస్సు దిగి చాలాసేపు నడిచాం. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడిన ఆ దిక్కంతా అప్పుడు బండలు. ఏనుగులు పడుకున్నట్టు, కుండలు బోర్లించినట్టు, ఒకదాని మీద ఒకటి ఎవరో ఆటకు పెట్టి మరిచిపోయినట్టు బండలు. వాటి సందుల్లో సీతాఫలం పొదలు, అక్కడక్కడ జొన్న చేలు, దూరంగా చెరువు మెరుపు. ఊరి అంచున ఒక గొర్రెల పెద్దాయన ఊరికి అవతలి వైపు కొత్త ఇల్లు కట్టుకుంటూ, పాతది అమ్ముతానంటున్నాడని తెలిసింది. రెండు గదులు, ముందు పంచ, పెంకుల కప్పు. దాని చుట్టూ ఇంటికంటే నాలుగు రెట్లు పెద్ద దొడ్డి. దొడ్డికి మూరెడు మందం రాతిగోడ, గోడకు ఒక పెద్ద కంత. బాపు ఇంటి వంక చూడలేదు. నేరుగా కంత దగ్గరికి వెళ్లి పగ్గం పట్టారు. వెడల్పు ముడి అటు గోడకూ ఇటు గోడకూ వేలు సందు లేకుండా సరిపోయింది.

"ఇంత వెడల్పు ఎందుకు పెట్టినవు?" అని అడిగారు బాపు, సంతోషం దాచుకుంటూ.

"పొద్దుగూకినంక మంద ఆగదు దొరా. ఒక్కపారే ఉరుకుతయి. ఒకదానికొకటి రాసుకొని బొచ్చు పోవద్దని పెట్టిన" అన్నాడు పెద్దాయన.

పంచలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న ఆయన భార్య తలెత్తింది. "ఇల్లు సూడనొచ్చిండ్రా, కంత సూడనొచ్చిండ్రా? లోపట రెండు అర్రలున్నయి, జర గవి గూడ సూడుండ్రి. గోడలు ఏడుస్తయి."

ఇల్లు కుదిరింది. వెనక్కి నడుస్తుంటే నాకు ముఖం మండిపోతోంది. మా తాతల దర్వాజ సరిగ్గా గొర్రెల దొడ్డికి సరిపోవడం ఏమిటి? "దొడ్డి కొన్నం బాపూ" అన్నాను. ఆయన పగ్గం చుట్టుకుంటూ, "దొడ్డి అని ఎందుకంటవు? ప్రాంగణం అను" అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో దాన్ని ఎవరూ దొడ్డి అనలేదు. గొర్రెల వాసన పోవడానికి మాత్రం మరో రెండు వానాకాలాలు పట్టింది.

దర్వాజ లారీలో రోడ్డు దాకా, అక్కడి నుంచి ఎడ్లబండి మీద ఊళ్లోకి వచ్చింది. గజలక్ష్మిని చూసి ఊరివాళ్లు గుడి కడుతున్నారనుకున్నారు. ఒక ముసలాయన చెప్పులు విడిచి దండం పెట్టాడు. ఎవరో కొబ్బరికాయ కొట్టి, ఏనుగుల నుదుటన కుంకుమ పెట్టిపోయారు. బాపు ఎవరినీ సరిదిద్దలేదు. అందులో పెద్ద పొరపాటేమీ ఆయనకు కనిపించినట్టు లేదు. కంతకు రెండు వైపులా రాతి స్తంభాలు లేపి, జ్యేష్ఠమాసం దాటకముందే వడ్రంగి చేత దర్వాజ నిలబెట్టించారు. అది లేచి నిలబడ్డాక వెనకనున్న రెండు గదుల ఇల్లు కనిపించడం మానేసింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. గొర్రెల పెద్దాయన భార్య మాత్రం, "దొంగలొస్తరు దొరా, లోపల ఏమున్నదో అనుకొని. పాపం, గంత కష్టపడి తలుపు పలగ్గొట్టినంక మీ చాపలు సూసి ఏడ్చిపోతరు" అంది. ఆ నెలంతా పొద్దుగూకేసరికి పాత అలవాటుకొద్దీ మందకు మంద వచ్చి ఆ ఇత్తడి బొడిపెల ముందు నిలబడి అరిచేది. ఆమె కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "నడువుండ్రి, నడువుండ్రి. గిది ఇప్పుడు మీ అసొంటోళ్లకు కాదు" అని తోలుకుపోయేది. ఆ మాట గొర్రెలకు చెప్పేదో, మాకు వినిపించేదో తెలిసేది కాదు.

ఆషాఢంలో కదలకూడదు గనక శ్రావణంలో ముహూర్తం పెట్టారు. మంచి గడియ చాలా చిన్నది, మళ్లీ కొన్ని నెలల దాకా మా బాపు జాతకానికి పొసగే రోజు లేదని అయ్యవారు ముందే చెప్పారు. కిరాయి ఇల్లు ఖాళీ చేశాం. నాయనమ్మ అల్లుడి ఇంట్లో అందరికీ చెప్పి, బొట్లు పెట్టించి, పెట్టె తాళం వేసుకుని టాక్సీ ఎక్కింది. అంతకుముందు మూడు రోజులుగా వాన. ముహూర్తం నాటి ఉదయానికి తెరిపి ఇచ్చింది గాని, దర్వాజ తాగవలసిన నీళ్లన్నీ తాగేసింది. ఏళ్ల తరబడి తాటిపత్రి కింద ఎండిన కర్ర ఒక్కసారిగా ఉబ్బి, పెద్ద రెక్కలు రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుని బిగుసుకుపోయాయి. బాపు తోశారు. పెద్దాయన తోశాడు. టాక్సీ డ్రైవరు కూడా దిగి భుజం పెట్టాడు. కిర్రుమనలేదు.

"ఉబ్బింది దొరా" అన్నాడు వడ్రంగి. "అంచుకు జర రంద పట్టి చెక్కు తీస్తే పోతది. సిటికెల పని."

"మా దర్వాజకు రంద పెట్టిన చెయ్యి ఇంతవరకు లేదు" అన్నారు బాపు.

"గట్లయితే ఎండ రావాలె" అని వాడు పనిముట్లు సంచిలో పెట్టేసుకున్నాడు.

దిడ్డి మాత్రం వేలితో తోస్తే తెరుచుకుంటోంది. ముందు ఆవు పోవాలి గనక అయ్యవారు ఆవును దిడ్డి దగ్గరికి తెమ్మన్నారు. ఆవు గడప వాసన చూసి నిలబడిపోయింది. పెద్దాయన భార్య దూడను ఎత్తి దిడ్డిలోంచి లోపల దించింది. దూడ అరిచింది. ఆవు ఒక్క క్షణం ఆలోచించి, కొమ్ములు పక్కకు తిప్పి, నడుము ఒరుసుకుంటూ లోపలికి పోయింది. తర్వాత దంపతులు పోవాలి. అమ్మ చేతిలో దేవుడి పటం, పాలగిన్నె. బాపు ఆ రోజు కోసం దాచిన జరీ తలపాగా చుట్టుకుని ఉన్నారు. ఆరడుగుల మనిషి, తలపాగాతో దర్వాజకు తగినట్టే ఉన్నారు. కదల్లేదు.

"దొరవారూ, గడియ దాటుతున్నది" అన్నారు అయ్యవారు.

"దాటనీయండి. మా అమ్మను దిడ్డిలకెళ్లి తీస్కపోను. పనోళ్లు పోయే తొవ్వ అది."

"గోడ దుంకుతరా మరి?" అంది పెద్దాయన భార్య, ఎవరితోనూ కానట్టు.

బాపు టాక్సీ దగ్గరికి వెళ్లారు. లోపల నాయనమ్మ ఒళ్లో పెట్టె పెట్టుకుని కూర్చుని ఉంది. చిన్న ఆకారం, ఆ పెట్టె వెనక ముఖం మాత్రమే కనిపించేది. "అమ్మా, జర ఓపిక పట్టు. ఇయ్యాలకు అక్క ఇంటికే పో. కర్ర ఎండినంక ఇంకో ముహూర్తం పెట్టిస్త. పెద్ద రెక్క తెరిచి, నిన్ను మర్యాదతోని తీస్కపోత."

"మల్ల అల్లుని ఇంటికా?" అంది నాయనమ్మ. పెట్టెను పక్కన పెట్టి, మెల్లగా టాక్సీ దిగి, కొంగు సర్దుకుంది. "పెద్దోడా, పెద్ద రెక్క నాకు ఎన్నిసార్లు తెరిచిండ్రనుకున్నవు?"

బాపుకు ప్రశ్న అర్థం కాలేదు. "నువ్వు పోయినప్పుడల్లా, వచ్చినప్పుడల్లా."

"ఒక్కపారి. పెండ్లయి పల్లకిల దిగిననాడు. గంతే. ఆ తర్వాత గుడికి పోయినా, పుట్టింటికి పోయినా, నిన్ను కడుపుల మోసుకొని దవాఖానకు పోయినా, గా దిడ్డిలకెళ్లే వంగి పోయిన. బండి దర్వాజ ముంగట నిలిచేది. మేము వంగి దాటుతుంటిమి, బండెక్కుతుంటిమి. మీకెట్ల ఎరికైతది? మీరు అటు మొకం తిప్పుకొని నిలవడుతుంటిరి."

అది నిజం. గడి మర్యాద అది. ఇంటి ఆడవాళ్లు బయలుదేరుతున్నారంటే ఒకసారి చప్పట్లు వినిపించేవి. ఆ చప్పుడుకి ఆవరణలో ఉన్న మగవాళ్లందరూ, దొర నుంచి గుర్రాలవాడి దాకా, గోడ వైపు తిరిగి నిలబడేవారు. తెర కట్టిన బండి కదిలాక మళ్లీ చప్పట్లు వినిపిస్తే గాని ఇటు తిరగరు. మా ముత్తాత అలా నిలబడ్డాడు, తాత నిలబడ్డాడు, బాపు మీసాలు రాకముందు నుంచే నిలబడ్డారు. తమ ఆడవాళ్లు ఏ తలుపులోంచి పోతున్నారో చూడకపోవడాన్ని వాళ్లు గౌరవం అనుకున్నారు. రెండు చప్పట్ల మధ్య పెద్ద రెక్క తెరుచుకుంటోందనే మూడు తరాల మగవాళ్లు అనుకున్నారు. ఆ కిర్రుమనే చప్పుడు వినిపించలేదేమని ఒక్కరికీ తోచలేదు. నేను చిన్నప్పుడు దిడ్డిలోంచి ఉరికేదాన్నే. కాని అంత పొట్టిగా ఉన్న పిల్ల వంగనక్కరలేదు, వంగేంత పెరగకముందే చదువుకు పట్నం వచ్చేశాను గనక, దాన్ని మా ఆడవాళ్లు వంగే చోటుగా నేనూ ఎరగను.

బాపు అమ్మ వైపు తిరిగారు. "నిజమేనా? నువ్వు గూడనా?"

అమ్మ పాలగిన్నె ఇంకో చేతికి మార్చుకుంది. "మీరెన్నడడిగిండ్రు?"

 లోపల దూడ అరుస్తోంది. పెద్దాయన భార్య నాయనమ్మను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది. నాయనమ్మ దర్వాజ దగ్గరికి వచ్చి, ఇత్తడి బొడిపె ఒకదాన్ని అరచేత్తో తుడిచింది. "మంచిగ నిలవెట్టినవు బిడ్డా. మీ నాయిన చూస్తే సంతోషపడుతుండె. గాని పెద్ద రెక్క నాకు ఇంకొక్కసారే తెరుస్తరు, నలుగురు మోసుకపోయేటప్పుడు. దానికిప్పుడు తొందరేమున్నది? ఇయ్యాల నన్ను ఇంట్లకు తీస్కపోతవా, సాగనంపుతవా?"

మా బాపు ఎవరి ముందూ తల వంచడం నేను చూడలేదు. కోర్టులో చూడలేదు, వాటాలు పడ్డనాడు చూడలేదు. ఆ రోజు ఆయన తలపాగా తీసి, మడత చెడకుండా నా రెండు చేతుల్లో పెట్టారు. నెరిసిన జుట్టు గాలికి లేచింది. అమ్మ చెయ్యి పట్టుకుని, నడుము దగ్గర సగానికి మడిచినట్టు వంగి, కుడి కాలు ముందు పెట్టి, దిడ్డి దాటారు. లోపల నిలబడి వెనక్కి తిరిగి, "తల జాగ్రత్తమ్మా" అని చెయ్యి అందించారు. నాయనమ్మకు ఆ జాగ్రత్త అవసరం లేదు. వయసు ఆమెను అప్పటికే దిడ్డి ఎత్తుకు కుదించింది. కొంగు కూడా పైచెక్కకు తగలకుండా నడిచి లోపలికి పోయింది. తలపాగాతో నేను ఆఖరున వెళ్లాను. దాటడానికి ఎంత అవసరమో అంతే వంగాను. అంగుళం ఎక్కువ వంగలేదు.

పాలు పొంగాయి. గోడలు నిజంగానే ఏడుస్తున్నాయి. పెద్దాయన భార్య అబద్ధమాడలేదు. రెండు చోట్ల పెంకు కారుతుంటే గిన్నెలు పెట్టాం. నాయనమ్మ ఇల్లంతా తిరిగి చూసి, కిటికీ ఉన్న మూల తనదని చెప్పి, అక్కడ పెట్టె విప్పింది. చీరలన్నీ తీసి దండెం మీద వేసింది. పెట్టె ఖాళీ చేసి, అందులో బెల్లం, చింతపండు పెట్టుకుంటానంది. అది చూసి బాపు బయటికి వెళ్లి, చాలాసేపు బండల వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ మధ్యాహ్నం పప్పు, కొత్త చింతపండు చారు, కాస్త మాడిన పరమాన్నం. అంత కడుపునిండా మా బాపు తినడం నేను ఏళ్లుగా చూడలేదు. మూడుసార్లు మంచినీళ్లు అడిగి తాగారు. సాయంత్రం పెద్దాయన భార్య చల్ల తెచ్చి, దిడ్డిలోంచి తల దూర్చి, "అవ్వా, ఉన్నవా?" అని కేకేసింది. దొరసాని అనలేదు. నాయనమ్మ "ఉన్న, రా" అంది. ఆ ఇద్దరి మాటలు ఆ రోజు మొదలై, ఏళ్ల తరబడి సాగాయి.

ఎండాకాలం వచ్చేసరికి కర్ర దానంతటదే వదులైంది. ఒక ఉదయం పెద్ద రెక్క గాలికి కొంచెం కదిలి, ఆ పాత చప్పుడు చేసింది. నేను బయటికి పరుగెత్తాను. బాపు అప్పటికే అక్కడున్నారు. రెక్కను తెరుస్తారనుకున్నాను. ఆయన దాన్ని రెండు చేతులతో తోసి మూసి, వెనక నుంచి అడ్డగడియ దించారు. "కర్ర ఇంకా ఉబ్బే ఉన్నది" అన్నారు, మే నెల ఎండలో నిలబడి.  ఆ తర్వాత ఎవరడిగినా అదే మాట. వడ్రంగి రెండుసార్లు వచ్చి చూసి, "దొరా, చేత్తో తోస్తే వస్తది" అన్నాడు. "రాదు" అన్నారు బాపు. నా పెళ్లికి మగపెళ్లివారు బాజాలతో వచ్చి దర్వాజ ముందు నిలబడితే, పెళ్లికొడుకు బాసికం పట్టుకుని దిడ్డిలోంచే వంగి రావలసి వచ్చింది. మా అత్తవారు దానికి నన్ను చాలాకాలం దెప్పారు. వియ్యంకుడి ముందు కూడా బాపు వాన మీదే నెపం పెట్టారు. అది మాఘమాసం.

తన తల్లికి ఆ రెక్క ఇంకొక్కసారే తెరుచుకుంటుందని విన్న మనిషి దాన్ని ఎందుకు తెరుస్తాడు? ఆయన రోజూ పొద్దున పాలకు, సాయంత్రం చెరువు గట్టుకు, ఆ పొడుగు శరీరాన్ని మడుచుకుని దిడ్డిలోంచే పోయి వచ్చేవారు. నాయనమ్మ కిటికీ మూలన కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ అది చూసేది.  చివరికి ఆ గడియ ఎత్తిన రోజు గురించి నేను రాయను. దర్వాజ ఇప్పుడు మేనత్త మనవడి మామిడితోట ముందు నిలబడి ఉంది, క్షేమంగానే ఉంది. నాకు గుర్తుండేది గడియ పడి ఉన్న కాలం. ఎన్నేళ్లో లెక్కపెట్టలేదు, మా ఇంట్లో లెక్కలు పైకి చెప్పుకోం. ఆ ఏళ్లన్నీ మా ఇంట్లోకి దిడ్డిలోంచే, ఒక్కొక్కటే వంగి, తొందర లేకుండా వచ్చాయి.